తక్కువ ఖర్చులో ఆఫ్రికా సఫారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

సఫారీ మాట ఎత్తగానే "అది మనలాంటివాళ్లకు కాదులే" అనేవాళ్లు చాలామంది. యూరప్ టూర్‌కు డబ్బు దాచుకునేవాళ్లు కూడా ఆఫ్రికా అంటే వెనకడుగు వేస్తారు. ఇండియా నుంచి మొదటిసారి, సొంత జేబు చూసుకుని వెళ్లేవాళ్లకు వచ్చే సందేహాలకు జవాబులు ఇవి. ఎక్కువగా కెన్యా, దక్షిణాఫ్రికా గురించే ఉంటాయి, మనకు అందుబాటులో ఉన్న దారులు ఆ రెండే కాబట్టి. పార్కు ఫీజులు మారుతుంటాయి. బుక్ చేసే ముందు ఆయా పార్కుల అధికారిక సైట్లో ఒకసారి సరిచూసుకోండి.

డబ్బంతా అసలు ఎక్కడికి పోతుంది?

విమానం టికెట్, పార్కు ఫీజు, బండి, పడక. ఈ నాలుగింటిలో మనవాళ్లు కత్తెర వేసేది చివరిదానికి. హోటల్ తగ్గించుకుంటే చాలనుకుంటారు. అసలు బరువు మధ్యలో ఉన్న రెండింటిది.

కెన్యాలోని మసాయి మారానే తీసుకోండి. విదేశీ పెద్దవాళ్లకు ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా 200 డాలర్లు. భార్యాభర్తలు ఇద్దరు రెండు రోజులు తిరిగితే మొదటి ఆరు నెలల్లో 400 డాలర్లు, తర్వాతి ఆరు నెలల్లో 800. మీరు గుడారంలో పడుకున్నా, స్విమ్మింగ్ పూల్ ఉన్న లాడ్జిలో పడుకున్నా ఈ లెక్క మారదు. టాంజానియాలోని సెరెంగెటిలో 24 గంటలకు 70 డాలర్లు, దాని మీద 18 శాతం వ్యాట్. అంటే 82 డాలర్ల పైమాటే.

ఇక బండి. పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజర్, డ్రైవర్, డీజిల్ కలిపి రోజుకు దాదాపు 200 నుంచి 250 డాలర్లు అడుగుతారు. అందులో ఇద్దరు కూర్చున్నా అంతే, ఆరుగురు కూర్చున్నా అంతే.

కాబట్టి ఖర్చు తగ్గాలంటే మూడు పనులు చేయాలి: ఫీజు తక్కువున్న నెలలో వెళ్లడం, బండి నింపుకోవడం, పార్కుల సంఖ్య తగ్గించడం. మూడోది ఎవరికీ మింగుడుపడదు. "ఇంత దూరం వెళ్లి ఒక్క పార్కేనా?" అంటారు. ఆరు రోజుల్లో మారా, నకురు, అంబోసెలి అని ప్యాకేజీ కొంటే అందులో మూడు రోజులు రోడ్డు మీదే గడుస్తాయి. ఆ మూడు రోజులకూ బండి అద్దె మీదే.

మొదటిసారికి ఏ దేశం మంచిది?

బండి నడపడం వచ్చి, పిల్లలతో మీ ఇష్టప్రకారం తిరగాలనుకుంటే దక్షిణాఫ్రికాలోని క్రూగర్. నడపడం టెన్షన్ అనుకుంటే, విశాలమైన గడ్డిమైదానాల్లో సింహాలను చూడాలనుకుంటే కెన్యా. టాంజానియా అద్భుతంగా ఉంటుంది కానీ ఖర్చు ఎక్కువ. ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలంలోకి దిగడానికి తలకు కట్టే ఫీజు కాక, ఒక్కో బండికి వ్యాట్‌తో కలిపి 295 డాలర్లు విడిగా కట్టాలి. ఆరుగురుంటే సర్దుకోవచ్చు, ఇద్దరికి గట్టి దెబ్బే.

నమీబియాలోని ఎటోషాలో కూడా సొంతంగా కారు నడుపుకోవచ్చు. రాత్రిపూట దీపాల వెలుగులో నీటిగుంట దగ్గరకు వచ్చే ఖడ్గమృగాలను క్యాంపు గోడ పక్కనే కూర్చుని చూడొచ్చు. కాకపోతే దూరాలు ఎక్కువ, రెండోసారికి దాచుకోండి. బోట్స్వానా కావాలనే తక్కువమందిని, ఎక్కువ ధరకు రానిచ్చే దేశం. గొరిల్లాల సంగతంటారా, పర్మిట్ ఒక్కటే యుగాండాలో 800 డాలర్లు, రువాండాలో 1,500. బడ్జెట్ అన్న మాట అక్కడ చెల్లదు.

మన సెలవులకు ఏది కలిసొస్తుంది?

ఆఫ్రికాలో "సీజన్" అని చెప్పే నెలలకూ మన స్కూలు సెలవులకూ పొంతన లేదు. మనకు అదే మేలు.

ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే వేసవి సెలవులు క్రూగర్‌కు బాగా సరిపోతాయి. మే నుంచి అక్కడ పొడికాలం. గడ్డి ఎండి పల్చబడుతుంది, జంతువులు నీళ్ల కోసం నదుల దగ్గరకు చేరతాయి, దోమలు తగ్గుతాయి. వాళ్ల స్కూలు సెలవులు జూన్ చివర్లో మొదలవుతాయి కాబట్టి అప్పటిదాకా రద్దీ కూడా తక్కువే. మారాలో మాత్రం ఏప్రిల్, మే నెలలు పెద్ద వానలు. అక్కడిది నల్లరేగడి నేల, తడిస్తే ఎలా ఉంటుందో గుంటూరు, ప్రకాశం వాళ్లకు చెప్పక్కర్లేదు. ల్యాండ్ క్రూయిజర్లు కూడా కూరుకుపోతాయి. క్యాంపులు చవకే కానీ, తక్కువ రోజులు ఉండేవాళ్లకు అది జూదం.

సంక్రాంతి సెలవులకు మారా బాగుంటుంది. చిన్న వానలు అయిపోయి ఉంటాయి, ఫీజు 100 డాలర్లే. దసరాకు వెళ్తే, సెరెంగెటి నుంచి వలస వచ్చే వైల్డ్‌బీస్ట్ (ఎద్దులాంటి పెద్ద జింక) మందలు ఇంకా మారాలోనే ఉండే అవకాశం ఉంది, ఫీజు మాత్రం 200.

వైల్డ్‌బీస్ట్‌లు నది దాటడం చూడకపోతే వెళ్లినా దండగేనా?

కాదు. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు, లక్షల్లో జీబ్రాలు, వాటితోపాటు జింకలు, వాన పడ్డచోట మొలిచే గడ్డిని వెతుక్కుంటూ ఏడాదంతా సెరెంగెటి, మారాల మధ్య చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. మారా నది దాటే దృశ్యం జులై నుంచి అక్టోబర్ మధ్య కనబడుతుంది కానీ ఏ రోజు, ఏ గంటకు దాటతాయో వాటికే తెలియదు. ఒడ్డు దాకా వస్తాయి, గంటలకొద్దీ తొక్కులాడతాయి, ఏదో అలికిడికి బెదిరి వెనక్కి పోతాయి. ఒడ్డు మీద ముప్ఫై నలభై బండ్లు ఇంజన్లు ఆపుకుని ఎదురుచూస్తుంటాయి. రెండు రోజుల టికెట్‌తో వెళ్లేవాళ్లు దీని మీదే ఆశ పెట్టుకుంటే, పక్కనే పొదలో పిల్లలకు పాలిస్తున్న సింహాన్ని కూడా సరిగా చూడరు.

మారాలో సింహాలు, చీతాలు, ఏనుగులు, దుమ్ములగొండ్లు ఏడాది పొడవునా ఉండేవే. మందల కోసమే వెళ్లాలనుకుంటే ఇంకో దారి ఉంది. జనవరి చివర నుంచి మార్చి దాకా అవి టాంజానియాలో, సెరెంగెటి దక్షిణాన ఉన్న ఎన్‌డుటు మైదానాల్లో ఈనుతాయి. పుట్టిన దూడ నిమిషాల్లో లేచి నిలబడుతుంది, ఆ వెంటే పరుగెత్తడం నేర్చుకుంటుంది. చుట్టూ చీతాలు కాచుకుని ఉంటాయి. నది దాటే మందలను మొసళ్లు పట్టుకోవడం చూద్దామని ఒడ్డున కాచుకోవడం కన్నా ఇది చూడడం నాకు ఎక్కువ ఇష్టం.

మారాలో 12 గంటల టికెట్ అంటే ఏమిటి?

దీన్ని తెలుసుకోకుండా వెళ్తే నేరుగా నష్టపోతారు. మారా టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. సెరెంగెటిలో లాగా 24 గంటలు ఉండదు.

నైరోబీ నుంచి నరోక్ మీదుగా మారాకు రోడ్డు మార్గాన ఐదారు గంటలు. పొద్దున 8కి బయల్దేరి, దారిలో రిఫ్ట్ లోయ చూసి, భోంచేసి, సెకెనాని గేటుకు చేరేసరికి మధ్యాహ్నం 3 దాటుతుంది. చాలా ప్యాకేజీల్లో మొదటిరోజు "సాయంత్రం గేమ్ డ్రైవ్" (జంతువులను చూస్తూ బండిలో తిరగడం) అని ఉంటుంది. ఆ రెండున్నర గంటలకు పూర్తి రోజు ఫీజు పడుతుంది. మూడోరోజు తిరిగొచ్చే ముందు "ఉదయం గేమ్ డ్రైవ్" అంటే ఇంకో టికెట్. మూడు రోజుల ప్యాకేజీలో మూడు ఫీజులు పోతాయి, మీకు దక్కేది ఒక పూర్తి రోజు, రెండు ముక్కలు.

దీనికి మందు ఇది: చేరిన సాయంత్రం లోపలికి వెళ్లకండి. గేటు బయట సెకెనాని, టలెక్ ఊళ్ల దగ్గర చవక క్యాంపులు చాలా ఉన్నాయి. అక్కడ విశ్రాంతి తీసుకుని, మర్నాడు 6 గంటలకు గేటు తెరిచేసరికి ముందు నిలబడండి. మధ్యాహ్నం భోజనం డబ్బాలో కట్టించుకుని సాయంత్రం దాకా లోపలే ఉండండి. అలా రెండు పూర్తి రోజులు తిరిగితే రెండే ఫీజులు. మొదటి సాయంత్రం ఖాళీగా ఉంటే మసాయి కుర్రాళ్లతో క్యాంపు చుట్టుపక్కల నడవొచ్చు, జీబ్రాలు అక్కడా మేస్తుంటాయి.

గ్రూపులో సీటు కొనుక్కోవచ్చా?

కొనొచ్చు. ఒంటరిగా లేదా ఇద్దరుగా వెళ్లేవాళ్లకు ఇదే అన్నిటికన్నా చవక. నైరోబీలో ఇలా తెలియనివాళ్లను కలిపి బండి నింపే ఏజెన్సీలు చాలా ఉన్నాయి. డబ్బు కట్టే ముందు నాలుగు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: బండిలో ఎంతమంది, అందరికీ కిటికీ సీటు ఉందా, ఎన్ని పార్కు ఫీజులు కలిపారు, క్యాంపు ఏ గేటు దగ్గర. క్యాంపు గేటుకు గంట దూరంలో ఉంటే ఎంత చవకైనా వద్దు.

వ్యాన్ చవక, ల్యాండ్ క్రూయిజర్ ఖరీదు. ఎండాకాలంలో వ్యాన్ చాలు. వానల్లో వద్దు.

ఏజెన్సీ నిజమైనదేనా అన్న అనుమానం ఉంటే కెన్యాలో కాటో, టాంజానియాలో టాటో అనే టూర్ ఆపరేటర్ల సంఘాలున్నాయి. సభ్యుల జాబితాలో పేరుందో లేదో చూడండి. వాట్సాప్‌లో ఫొటోలు పంపి, మొత్తం డబ్బు ముందే వ్యక్తిగత ఖాతాకు వేయమంటే అక్కడితో మాట్లాడడం ఆపేయండి.

క్రూగర్‌లో మనమే కారు నడుపుకోవచ్చా? భయం లేదా?

నడుపుకోవచ్చు, రోజూ వేలమంది చేసే పనే. క్రూగర్ దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్ల అడవి, ఉత్తరం నుంచి దక్షిణానికి 350 కిలోమీటర్ల పొడవు. ముఖ్యమైన రోడ్లన్నీ తారువే, మామూలు చిన్న కారు సరిపోతుంది. మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపు. ప్రవేశ రుసుము విదేశీయులకు రోజుకు 600 ర్యాండ్ల చుట్టుపక్కల, అంటే మన డబ్బులో సుమారు 3 వేలు. మారా ఫీజు పక్కన పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది.

జొహన్నెస్‌బర్గ్ విమానాశ్రయంలో కారు తీసుకుంటే పార్కు దక్షిణ గేట్లకు నాలుగైదు గంటలు. రాత్రి దిగితే అక్కడే పడుకుని పొద్దున్నే బయల్దేరండి, చీకట్లో హైవే మీద నడపొద్దు. మొదటిసారికి పార్కు దక్షిణ, మధ్య భాగాలే చాలు, జంతువులు ఎక్కువగా కనబడేది అక్కడే. స్కుకుజా, లోయర్ సాబీ, సటారా క్యాంపుల్లో రెండింట్లో గదులు తీసుకుంటే నాలుగైదు రోజులు హాయిగా గడుస్తాయి. సింహాలకు సటారా పేరున్న చోటు. స్కుకుజా నుంచి లోయర్ సాబీకి నది పక్కనే వెళ్లే రోడ్డు మీద చిరుతపులి కనబడే అవకాశం ఎక్కువ, రద్దీ కూడా ఎక్కువే.

గదులు ప్రభుత్వ సంస్థ అయిన దక్షిణాఫ్రికా జాతీయ పార్కుల శాఖ నడుపుతుంది. సొంత సైట్లోనే బుకింగ్. ఉమ్మడి బాత్రూం ఉన్న గుడిసెలు, గుడారాలు చవక. కాస్త ఎక్కువ పెడితే వంటగది ఉన్న బంగ్లాలు. మంచి క్యాంపులు నెలల ముందే నిండిపోతాయి, కాబట్టి విమానం టికెట్ కన్నా ముందు గది చూసుకోండి.

రోజు ఎలా ఉంటుందంటే: చీకటి ఉండగానే క్యాంపు గేటు వెనక కార్లు వరుస కడతాయి. ఇంజన్లు ఆపి, ఫ్లాస్కుల్లో కాఫీ పోసుకుని, దుప్పట్లు కప్పుకుని అందరూ ఎదురుచూస్తారు. గేటు తెరవగానే ఒక్కో కారూ ఒక్కో దారిలోకి మళ్లుతుంది. మొదటి రెండు గంటలే అసలు సఫారీ. రాత్రంతా వెచ్చగా ఉన్న తారు మీద సింహాలు పడుకుని ఉంటాయి, దుమ్ములగొండి పిల్లలు కల్వర్టు గొట్టాల్లోంచి తొంగి చూస్తాయి. పదింటికి క్యాంపుకొచ్చి ఉప్మా చేసుకుని, నిద్రపోయి, మూడింటికి మళ్లీ బయల్దేరాలి. ఎవరికి ఏ జంతువు ఎక్కడ కనబడిందో క్యాంపుల్లో బోర్డు మీద రంగు బిళ్లలతో గుర్తుపెడతారు, అది చూసుకుని దారి ఎంచుకోండి.

నియమాల దగ్గర రాజీ లేదు. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. అనుమతించిన చోట తప్ప కారు దిగకూడదు, కిటికీలోంచి ఒళ్లు బయటపెట్టకూడదు. గేటు మూసే వేళకు లోపలికి చేరకపోతే జరిమానా. ఇక ఏనుగుకు మాత్రం దూరం ఇవ్వండి. తల విదిలించి చెవులు చాచితే మెల్లగా వెనక్కి వెళ్లిపోండి. భయపడాల్సింది సింహం కన్నా దానికే.

గైడ్ కావాలనిపిస్తే క్యాంపుల్లోనే పార్కు వాళ్ల సాయంత్రపు డ్రైవ్‌లు ఉంటాయి. పెద్ద ఓపెన్ ట్రక్కులో, చీకటి పడ్డాక లైట్లతో తిప్పుతారు. ఒకసారి తప్పక వెళ్లండి.

మన లైసెన్స్ చెల్లుతుందా?

ఇంగ్లిష్‌లో, ఫొటోతో ఉన్న మన లైసెన్స్ దక్షిణాఫ్రికాలో చెల్లుతుంది. అయినా ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తీసుకుని వెళ్లండి, అద్దె కంపెనీలు అడుగుతాయి. డిపాజిట్ కోసం నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. కెన్యాలో సొంతంగా నడపొచ్చు గానీ మారా లోపలి దారులకు బోర్డులుండవు. అక్కడ డ్రైవరే మీ కళ్లు.

ఇంకా చవకగా, పెద్ద పేరు లేని చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి. నైరోబీకి రెండు గంటల దూరంలో హెల్స్ గేట్ పార్కు. గేటు దగ్గర సైకిల్ అద్దెకు తీసుకుని జీబ్రాలు, జిరాఫీలు, అడవిపందుల మధ్య తొక్కుకుంటూ పోవచ్చు. పక్కనే నైవాషా సరస్సులో పడవెక్కితే నీటిగుర్రాలు. నైరోబీ నేషనల్ పార్కు 1946 నాటిది, 117 చదరపు కిలోమీటర్లే. సింహం వెనక ఎత్తయిన భవనాలు కనబడతాయి. విమానం మారే మధ్య ఒక పూట దొరికినా సరిపోతుంది.

దక్షిణాఫ్రికాలో డర్బన్ నుంచి మూడు గంటలు నడిపితే హ్లుహ్లువే-ఇంఫొలోజీ వస్తుంది. 1895లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన అడవి. దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు అంతరించే దశలో మిగిలింది ఇక్కడే. 1960ల నుంచి ఇక్కడి జంతువులనే వేరే పార్కులకు పంపి జాతిని నిలబెట్టారు. ఈ దారిలో మనవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. 1860 నుంచి చెరకు తోటల్లో పనికి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల వారసులు డర్బన్ చుట్టుపక్కలే ఉన్నారు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇంటిపేర్లు "నాయుడు" అని కనబడితే ఆశ్చర్యపోకండి.

టీకాలు, మలేరియా సంగతేమిటి?

కెన్యా వెళ్లొస్తే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. అడిగేది ఎక్కువగా వెళ్లేచోట కాదు, తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేసిన పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, పాస్‌పోర్ట్ పట్టుకెళ్లాలి. అరవై దాటిన అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ముందు డాక్టర్‌ను అడగండి, ఆ వయసులో ఈ టీకా అందరికీ సరిపడదు.

దక్షిణాఫ్రికా ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో లేదు. అయితే ఆడిస్ అబాబా మీదుగా వెళ్తూ మధ్యలో ఊరు చూద్దామని బయటికొస్తే ఇథియోపియా జాబితాలో ఉందని గుర్తుంచుకోండి. ఆ దారిలో వెళ్లేవాళ్లు వేయించుకోవడమే మంచిది.

మలేరియా మాత్రలు ఏవి వాడాలో డాక్టర్ చెప్పాలి. ఆ తలనొప్పే వద్దనుకుంటే దక్షిణాఫ్రికాలో పిలానెస్‌బర్గ్, అడ్డో పార్కులకు మలేరియా బెడద లేదు.

వీసా?

కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఆన్‌లైన్‌లో ఈటీఏ (ప్రయాణానికి ముందే తీసుకునే అనుమతి) పెట్టారు. దక్షిణాఫ్రికాకు వీసా కావాలి, ఆలస్యం కావచ్చు, కాబట్టి రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

కెన్యాలో దిగులే లేదు. చపాతీ, చాయ్, సమోసా అక్కడివాళ్ల రోజువారీ తిండి. గుజరాతీలు తరాలుగా స్థిరపడిన నైరోబీ పార్క్‌ల్యాండ్స్ ప్రాంతంలో వెజ్ హోటళ్లు బోలెడు. క్యాంపులో చపాతీ, క్యాబేజీ, బీన్స్ ఎప్పుడూ ఉంటాయి, ముందే చెప్పాలి అంతే. క్రూగర్‌లో హోటల్ భోజనం మాంసం చుట్టూ తిరుగుతుంది. వంటగది ఉన్న గది తీసుకుని, చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, పచ్చడి పట్టుకెళ్తే ఖర్చూ తగ్గుతుంది, ప్రాణమూ కుదుటపడుతుంది. పండ్లు, పాల పదార్థాలు ఇక్కడి నుంచి మోయకండి, దార్లో సూపర్‌మార్కెట్లున్నాయి. గది తలుపు మాత్రం గొళ్లెం పెట్టండి. క్యాంపుల్లో తిరిగే కోతులకు ఫ్రిజ్ తెరవడం వచ్చు.

చిన్నపిల్లలను తీసుకెళ్లొచ్చా?

సొంత కారులో ఏ వయసైనా పర్వాలేదు. క్రూగర్ వాళ్ల గైడెడ్ డ్రైవ్‌లకు మాత్రం ఆరేళ్లు నిండాలి.

ఏమేం సర్దుకోవాలి?

ముందు ప్లాస్టిక్ కవర్లు తీసేయండి. కెన్యా 2017లోనే వాటిని నిషేధించింది, టాంజానియా 2019లో. మనం చెప్పుల నుంచి ఊరగాయ దాకా అన్నీ కవర్లలో చుట్టి సర్దుతాం, కాబట్టి బట్ట సంచులు కొనుక్కోండి. కెన్యా పార్కుల్లో ఒక్కసారి వాడి పారేసే నీళ్ల బాటిళ్లూ తేకూడదు.

స్వెట్టర్ తప్పనిసరి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని వెళ్లి, పొద్దున్నే ఓపెన్ బండిలో వణికేవాళ్లు ప్రతి క్యాంపులోనూ కనబడతారు. కెమెరాకు పెద్ద లెన్స్ అద్దెకు తీసుకునే డబ్బుతో తలా ఒక బైనాక్యులర్ కొనండి. ఒక్కటే ఉంటే ఇంట్లో గొడవలు.

ఇక్కడి ఏజెంటా, అక్కడివాళ్లతో నేరుగానా?

నేరుగా మాట్లాడితే చవక, పని ఎక్కువ. ఇక్కడ ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, అది రిటర్న్స్ వేసేటప్పుడు సర్దుబాటు అవుతుంది, రసీదు దాచుకోండి. నా లెక్కలో అయితే క్రూగర్‌కు ఏజెంటే అక్కర్లేదు. మారాకు అక్కడి ఆపరేటర్ చాలు.

డబ్బు ఎలా పట్టుకెళ్లాలి? టిప్పు ఎంత?

డాలర్ నోట్లు కొత్తవి, మడతలు లేనివి తీసుకోండి. 2009కి ముందు అచ్చయినవి తూర్పు ఆఫ్రికాలో తీసుకోరు. కెన్యాలో చిన్న కొట్లన్నీ ఎం-పెసా (మొబైల్ ఫోన్‌తో డబ్బు చెల్లింపు) మీదే నడుస్తాయి, కానీ కొద్ది రోజులకు షిల్లింగులు మార్చుకుంటే చాలు. సఫారీ డ్రైవర్‌కు బండి మొత్తం కలిపి రోజుకు 10 నుంచి 20 డాలర్లు ఇవ్వడం అక్కడి అలవాటు. దీన్ని బడ్జెట్‌లో ముందే రాసుకోండి. చివరి రోజు కవర్లో పెట్టి నేరుగా ఆయన చేతికే ఇవ్వండి, కాగితం కవర్లో.